ఆర్థికం, రక్షణ ఒకే పేజీలో: అధికార పార్టీ లెక్కలను ఎలా చదవాలి?

క్లుప్తంగా: దేశ ఆర్థిక వ్యవస్థ గురించి, రక్షణ గురించి కేంద్రంలోని అధికార పార్టీ బీజేపీ ఇప్పుడు విడివిడిగా మాట్లాడటం లేదు. రెండింటినీ ఆత్మనిర్భరత అనే ఒకే మాట కింద చెబుతోంది. చెబుతున్న అంకెలు చాలావరకు నిజమే. కానీ అవి తయారై బయటకొచ్చిన వస్తువు విలువను చెబుతాయి. అందులోని కీలక భాగం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవు. ఇతర దేశాల మీద ఆధారపడటం తగ్గిందా లేదా అన్నది తేలేది ఆ భాగం దగ్గరే. 2025లో వచ్చిన కొన్ని పథకాలు చూస్తే ప్రభుత్వం కూడా ఆ దిశగా కదిలినట్టు కనిపిస్తుంది.

## రెండు అంశాలు ఒకటైన తీరు

2022 జులైలో బీజేపీ జాతీయ కార్యవర్గ సమావేశాలు హైదరాబాద్‌లో జరిగాయి. ఆనవాయితీ ప్రకారమే ఆర్థిక అంశాలపై ఒకటి, రాజకీయ అంశాలపై ఒకటి తీర్మానాలు చేశారు. ఆర్థిక, పేదల సంక్షేమ తీర్మానాన్ని ప్రవేశపెట్టింది రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్. సీనియారిటీ వల్లే ఆ బాధ్యత ఆయనకు వచ్చి ఉండొచ్చు. అందులో లోతైన సంకేతం వెతకాల్సిన పనిలేదు. అయినా ఆ తర్వాతి మూడేళ్లలో పార్టీ ప్రచారం సాగిన దారికి ఆ దృశ్యం సరిగ్గా సరిపోయింది.

2025 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని నరేంద్ర మోదీ చేసిన ప్రసంగంలో ఈ కలయిక స్పష్టంగా కనిపించింది. దీపావళికల్లా జీఎస్టీ తగ్గింపు, లక్ష కోట్ల రూపాయల ఉపాధి పథకం, దేశంలో తయారయ్యే చిప్‌లు ఒక వైపు. 2035 నాటికి ‘సుదర్శన్ చక్ర’ రక్షణ కవచం, మన సొంత జెట్ ఇంజిన్, సింధూ జలాల ఒప్పందం మరో వైపు. ఒకప్పుడు వీటిలో సగం ఆర్థిక మంత్రి బడ్జెట్ ప్రసంగంలో, మిగతా సగం రక్షణ శాఖ ప్రకటనల్లో కనిపించేవి.

ఈ మార్పుకు ఒక్క పార్టీ ఆలోచన మాత్రమే కారణం కాదు. 2020లో కొవిడ్ వచ్చి మందుల ముడిసరుకు కోసం చైనా వైపు చూడాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్ 15న గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు చనిపోయారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక చమురు ధర, ఎరువుల సరఫరా, రష్యా ఆయుధాల విడిభాగాలు మూడూ ఒకేసారి సమస్యలయ్యాయి. ఈ మూడు దెబ్బల్లో ఏది ఆర్థికానిది, ఏది రక్షణది అని గీత గీయడం కష్టం. 2022లోనే జపాన్ ఆర్థిక భద్రత పేరుతో ప్రత్యేక చట్టం తెచ్చింది. చిప్‌ల తయారీని సొంతగడ్డకు రప్పించుకోవడానికి అమెరికా మరో చట్టం చేసింది. భారత్‌లో జరుగుతున్నది ఆ పెద్ద మార్పులో ఒక భాగం.

పాత ప్రభుత్వాల పాత్ర ఎంత అన్న ప్రశ్న కూడా ఇక్కడ వస్తుంది. విశాఖపట్నంలో కొండ కింద ముడిచమురు దాచే గుహలు దీనికి మంచి ఉదాహరణ. నిర్ణయం వాజ్‌పేయీ హయాంలో జరిగింది. తవ్వింది మన్మోహన్ సింగ్ హయాంలో. పని పూర్తయి 2015లో చమురు నిండింది మోదీ హయాంలో. ఇలాంటి పనులకు పదేళ్లు పడుతుంది. ఎన్నికలు మాత్రం ఐదేళ్లకోసారి వస్తాయి. అందుకే రిబ్బన్ కత్తిరించిన పార్టీ, పునాది రాయి వేసిన పార్టీ ఒకటే కాకపోవడం మామూలే.

## 6.81 లక్షల కోట్లు ఎక్కడికి పోతాయి

రక్షణ బడ్జెట్ గురించి వచ్చే ప్రకటనల్లో మొదట వినిపించేది మొత్తం అంకె. 2025-26లో రక్షణ శాఖకు 6,81,210 కోట్ల రూపాయలు కేటాయించారు. కేంద్రం మొత్తం బడ్జెట్ 50.65 లక్షల కోట్లలో ఇది 13.45 శాతం. ‘రికార్డు స్థాయి కేటాయింపు’ అని చెప్పడం తప్పు కాదు. అయితే రూపాయల్లో చూస్తే దాదాపు ప్రతి ఏడాదీ రికార్డే, ఎందుకంటే జీతాలు, ధరలు, జీడీపీ అన్నీ పెరుగుతూనే ఉంటాయి.

ఈ సొమ్మును విప్పి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. జీతభత్యాలు, రోజువారీ నిర్వహణ, మందుగుండు, మరమ్మతుల కింద 3.11 లక్షల కోట్లు, అంటే దాదాపు 46 శాతం పోతుంది. పెన్షన్లకు 1.60 లక్షల కోట్లు. కొత్త విమానాలు, నౌకలు, క్షిపణులు, ట్యాంకులు కొనడానికి, నిర్మాణాలకు ఉద్దేశించిన మూలధన వ్యయం 1.80 లక్షల కోట్లు. ప్రతి వంద రూపాయల్లో కొత్త ఆయుధ సంపత్తి వైపు వెళ్లేది 26 రూపాయలు, పెన్షన్‌కు వెళ్లేది దాదాపు 24 రూపాయలు.

అగ్నిపథ్ పథకం వెనక ఉన్న ఆర్థిక లెక్క ఇదే. ప్రభుత్వం దీన్ని సైన్యం సగటు వయసు తగ్గించే సంస్కరణగా చెబుతోంది. 2022 జూన్‌లో ప్రకటించినప్పుడు నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత 25 శాతం మందికే కొనసాగింపు అనడంతో ఉత్తరాదిన ఆందోళనలు చెలరేగాయి. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి. పెన్షన్ భారం తగ్గుతుందన్న వాదనలో మాత్రం ఒక చిక్కు ఉంది. జవానుకు పెన్షన్ రావాలంటే కనీసం 15 ఏళ్లు పనిచేయాలి. 2022లో పాత పద్ధతిలో చేరి ఉండే వ్యక్తికి పెన్షన్ మొదలయ్యేది 2037 తర్వాతే. అంటే ఆదా కూడా అప్పుడే కనిపిస్తుంది. ఈలోగా పెన్షన్ పద్దు పెరుగుతూనే ఉంటుంది. సామాజిక ప్రభావం మాత్రం అంత దూరం ఆగదు. తొలి బ్యాచ్ అగ్నివీరుల నాలుగేళ్లు 2026 చివర్లో, 2027 మొదట్లో పూర్తవుతాయి.

రక్షణకు జీడీపీలో 3 శాతం ఇవ్వాలని పార్లమెంటు స్థాయీ సంఘం గతంలో సూచించింది. 2025-26 బడ్జెట్ అంచనాలో జీడీపీ సుమారు 357 లక్షల కోట్లు. ఇచ్చింది దాదాపు 1.9 శాతం. 3 శాతం ఇవ్వాలంటే 10.7 లక్షల కోట్లు కావాలి. అదనంగా కావలసిన దాదాపు 3.9 లక్షల కోట్లు ఎక్కడి నుంచి వస్తాయి? అదే ఏడాది కేంద్రం అప్పుల మీద కట్టాల్సిన వడ్డీ 12.76 లక్షల కోట్లు. రక్షణ బడ్జెట్‌కు అది దాదాపు రెట్టింపు. ద్రవ్య లోటు 4.4 శాతానికి తేవాలన్నది లక్ష్యం. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు ప్రధానంగా 5, 18 శాతం శ్లాబులకు తగ్గాయి. జనం కొనుగోళ్లు పెరిగి ఆదాయం తిరిగి వస్తుందని ప్రభుత్వ అంచనా. ఆ అంచనా ఏ మేరకు నిజమవుతుందన్న దాని మీద రక్షణ మూలధన వ్యయం కూడా ఆధారపడి ఉంటుంది. ఆర్థిక, భద్రతా విధానాలు నిజంగా కలిసే చోటు ఇదే. ప్రసంగాల్లో మాత్రం ఈ ముడి పెద్దగా కనిపించదు.

డబ్బు ఇచ్చినంత మాత్రాన ఖర్చు అవుతుందని కూడా లేదు. 2024-25లో మూలధన వ్యయానికి 1.72 లక్షల కోట్లు కేటాయించారు. సవరించిన అంచనాల్లో అది సుమారు 1.6 లక్షల కోట్లకు దిగింది. ఆయుధాల కొనుగోలులో ట్రయల్స్, ధర బేరసారాలు, మంత్రివర్గ సంఘం ఆమోదం వరుసగా జరగాలి. ఒక్కటి ఆలస్యమైనా మార్చి 31 దాటుతుంది. మిగిలిన డబ్బు ఖజానాకు వెనక్కి పోతుంది. ఈ ఇబ్బంది తప్పించడానికే ఏడాది చివర మురిగిపోని ప్రత్యేక ఆధునికీకరణ నిధి పెట్టాలని 15వ ఆర్థిక సంఘం సిఫార్సు చేసింది. 2021-26 కాలానికి దాని పరిమాణం 2.38 లక్షల కోట్లని కూడా సూచించింది. ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆర్థిక శాఖల సహజ స్వభావం వేరు. ఎవరి హయాంలోనైనా, ఒకరి పేరున విడిగా మూటకట్టిన నిధి అంటే వాళ్లకు ఇష్టం ఉండదు.

### 1.9 శాతమా, 2.3 శాతమా?

రక్షణ వ్యయం జీడీపీలో 1.9 శాతమని ఒక వార్త, 2.3 శాతమని మరో వార్త కనిపిస్తుంటాయి. రెండూ అబద్ధం కాదు. ప్రపంచ దేశాల సైనిక ఖర్చును లెక్కించే స్వీడన్ పరిశోధన సంస్థ సిప్రి లెక్కలో బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ వంటి పారామిలిటరీ బలగాల ఖర్చు కూడా కలుస్తుంది. మన బడ్జెట్‌లో ఆ బలగాలు హోం శాఖ కింద ఉంటాయి. అందువల్ల సిప్రి లెక్క ప్రకారం 2024లో భారత్ సైనిక వ్యయం 86.1 బిలియన్ డాలర్లు, అంటే జీడీపీలో 2.3 శాతం, ప్రపంచంలో ఐదో స్థానం. చైనాది 314 బిలియన్లని అంచనా, అయితే అది వాళ్ల జీడీపీలో 1.7 శాతమే. శాతంలో మనమే ఎక్కువ, డాలర్లలో వాళ్లు మూడున్నర రెట్లు పైన. ‘జీడీపీలో ఎంత శాతం’ అన్న చర్చ ఒక హద్దు దాటితే ఎందుకు ఉపయోగపడదో ఈ పోలిక చెబుతుంది. జీడీపీ పరిమాణమే అసలు తేడా.

ప్రపంచంలో నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థ అని అధికార పార్టీ చెప్పే మాటకు భద్రతా కోణంలో విలువ ఉన్నది కూడా ఇక్కడే. తలసరి ఆదాయంలో భారత్ ఇంకా 3,000 డాలర్లు దాటలేదు, జపాన్ దానికి పది రెట్లకు పైనే ఉంది. కాబట్టి ర్యాంకు జనం జీవన ప్రమాణాన్ని చెప్పదు. కానీ యుద్ధనౌక ధర తలసరి ఆదాయాన్ని బట్టి తగ్గదు. మొత్తం ఆర్థిక వ్యవస్థ ఎంత పెద్దదైతే అదే శాతంతో అంత ఎక్కువ కొనొచ్చు. అధికార పక్షం మొత్తం చూపించడం, ప్రతిపక్షం తలసరి చూపించడం ఇందువల్లే. రెండు అంకెలు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

## ‘దేశీయం’ అంటే ఎంత దేశీయం?

అధికార పార్టీ చెప్పే విజయాల్లో రక్షణ ఉత్పత్తిది ముందు వరస. 2014-15లో 46,429 కోట్లు ఉన్న ఉత్పత్తి 2024-25లో 1.5 లక్షల కోట్లు దాటింది. ఎగుమతులు 2013-14లో 686 కోట్లు, 2024-25లో 23,622 కోట్లు. 2029 నాటికి ఉత్పత్తి 3 లక్షల కోట్లకు, ఎగుమతులు 50,000 కోట్లకు చేరాలన్నది లక్ష్యం.

ఈ పెరుగుదల వెనక స్పష్టమైన నిర్ణయాలున్నాయి. దిగుమతి చేసుకోకూడని వస్తువుల జాబితాలు 2020 ఆగస్టు నుంచి విడతలవారీగా వచ్చాయి. సైన్యానికి సంబంధించి 509 వస్తువులు, ప్రభుత్వ రక్షణ సంస్థలు వాడే 5,012 భాగాలు వాటిలో చేరాయి. 2020లోనే రక్షణ రంగంలో 74 శాతం విదేశీ పెట్టుబడికి నేరుగా తలుపు తెరిచారు. 2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడదీశారు. 2025-26 ఆధునికీకరణ బడ్జెట్‌లో 75 శాతం, అంటే 1.11 లక్షల కోట్లు, దేశీయ కొనుగోళ్లకే కేటాయించారు. దేశంలోని కంపెనీకి ఆర్డరు వస్తుందన్న నమ్మకం ఏర్పడితేనే మెషిన్లు కొంటారు, మనుషుల్ని తీసుకుంటారు. ఈ నిర్ణయాలన్నీ చేసింది ఆ నమ్మకం కలిగించడమే.

ఇక చూడాల్సింది లెక్కించే పద్ధతిని. ఉత్పత్తి విలువ అంటే ఫ్యాక్టరీ నుంచి బయటకొచ్చిన వస్తువు పూర్తి ధర. అందులో దిగుమతి చేసుకున్న భాగాల ధర కూడా కలిసే ఉంటుంది. 2020 నాటి రక్షణ కొనుగోలు విధానంలో అన్నిటికంటే ఎక్కువ ప్రాధాన్యం ఉన్న కేటగిరీ మన డిజైన్, మన అభివృద్ధి, మన తయారీ ఉన్నది. అందులోనూ దేశీయ భాగాలు కనీసం 50 శాతం ఉంటే చాలు. అంతకుముందున్న 40 శాతంతో పోలిస్తే ఇది మెరుగే. అయినా మిగతా సగం విదేశీయం కావచ్చని నిబంధనే ఒప్పుకుంటోంది.

ఎగుమతులు కూడా ఇలాగే ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌కు బ్రహ్మోస్ క్షిపణులు అమ్మడం, 2022 జనవరిలో దాదాపు 375 మిలియన్ డాలర్లకు కుదిరిన ఆ ఒప్పందం, అందరికీ తెలిసిన పెద్ద ఆర్డరు. అంత పేరు లేని మరో రకం ఎగుమతి హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో కనిపిస్తుంది. అపాచీ హెలికాప్టర్ల బాడీ, సీ-130జే రవాణా విమానాల తోక భాగం అక్కడ తయారై అమెరికన్ కంపెనీలకు వెళ్తాయి. నైపుణ్యం మనది, ఉద్యోగాలు మనవి, డాలర్లు మనకే వస్తాయి. డిజైన్ మాత్రం మనది కాదు, ఎవరికి అమ్మాలన్న నిర్ణయమూ మనది కాదు. ఆర్థికంగా ఇది మంచి వ్యాపారం. వ్యూహాత్మకంగా చూస్తే బ్రహ్మోస్ లాంటి ఎగుమతికి, దీనికి చాలా తేడా ఉంది. 23,622 కోట్ల అంకెలో ఈ తేడా కనిపించదు.

దిగుమతుల లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి. సిప్రి ప్రకారం 2020-24 మధ్య ఆయుధ దిగుమతుల్లో ఉక్రెయిన్ తర్వాత రెండో స్థానం భారత్‌దే. అదే సమయంలో రష్యా వాటా 2010-14లో 72 శాతం నుంచి 36 శాతానికి పడిపోయింది. ఒకే దేశం మీద ఆధారపడటం తగ్గిందన్నది నిజం. మొత్తంగా ఆధారపడటం అంత వేగంగా తగ్గలేదన్నదీ నిజమే. 2025 మేలో ఆపరేషన్ సిందూర్‌లో వాడినవాటిని చూసినా ఈ మిశ్రమమే ఉంది. ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థ రష్యా నుంచి కొన్నది, బ్రహ్మోస్ ఆ దేశంతో ఉమ్మడి సంస్థది, ఆకాశ్ క్షిపణి హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ తయారీ.

## ఒక ఇంజిన్ కథ

ఈ విషయం బాగా అర్థమయ్యేది తేజస్ యుద్ధవిమానం దగ్గర. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు దాదాపు 48,000 కోట్లతో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు ఆర్డరు దక్కింది. 2024 మార్చి నుంచి విమానాలు రావాలి. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో పాత మిగ్-21 యుద్ధవిమానాలకు వీడ్కోలు పలికే నాటికి ఒక్క మార్క్-1ఏ కూడా వాయుసేన చేతికి రాలేదు. ఆ రోజుకు యుద్ధవిమానాల స్క్వాడ్రన్లు, అంటే దళాలు, 29కి దిగాయి. మంజూరైన సంఖ్య 42. విచిత్రంగా, దానికి ఒక్క రోజు ముందే మరో 97 తేజస్‌లకు 62,370 కోట్లతో కొత్త ఒప్పందం కుదిరింది.

ఆలస్యానికి ఒకటి కంటే ఎక్కువ కారణాలున్నాయి, ఆయుధాల అనుసంధానం, సర్టిఫికేషన్ పనులు వాటిలో ఉన్నాయి. పెద్దది మాత్రం ఇంజిన్. తేజస్‌లో ఉండేది అమెరికా కంపెనీ జీఈ తయారుచేసే ఎఫ్404. ముందు ఆర్డరు ఇంజిన్లు ఇచ్చేశాక, వేరే గిరాకీ లేక ఆ రకం తయారీ లైన్‌ను జీఈ ఆపేసింది. 2021లో 99 ఇంజిన్ల ఆర్డరు వచ్చాక లైన్‌ను మళ్లీ మొదలుపెట్టాలి. విడిభాగాలు ఇచ్చే చిన్న కంపెనీల్ని మళ్లీ కూడగట్టాలి. కొవిడ్ తర్వాతి పరిస్థితుల్లో అది సాగింది. తొలి ఇంజిన్ 2025 మార్చి చివర్లో అందింది. ఇందులో అమెరికా ప్రభుత్వం పెట్టిన ఆంక్ష ఏదీ లేదు. కేవలం ఒక ఫ్యాక్టరీ లైన్ ఆగి, మళ్లీ మొదలవడానికి పట్టిన సమయమే మన వాయుసేన సంఖ్యను ప్రభావితం చేసింది.

మరి సొంత ఇంజిన్ ఎందుకు లేదు? కావేరి ఇంజిన్ ప్రాజెక్టు 1989లోనే మంజూరైంది. అనుకున్నంత శక్తి రాక 2008లో తేజస్ నుంచి దాన్ని విడదీశారు. జెట్ ఇంజిన్‌లో టర్బైన్ రెక్కల మీదికి వచ్చే వాయువు వేడి ఆ లోహం కరిగే ఉష్ణోగ్రతను మించి ఉంటుంది. రెక్క కరిగిపోకుండా ఉండాలంటే దాన్ని ఒకే స్ఫటికంగా పోతపోయాలి. లోపల సన్నని గాలి దారులు పెట్టాలి. పైన సిరామిక్ పూత వేయాలి. ఇలాంటి రెక్క ఒకటి చేయగలగడం వేరు, వేల గంటలు ఆగకుండా పనిచేసేవి వందలకొద్దీ చేయడం వేరు. ఈ పరిజ్ఞానం ప్రపంచంలో అతి కొద్ది దేశాల దగ్గరే ఉంది, వాళ్లు అంత సులభంగా అమ్మరు. జీఈతో ఎఫ్414 ఇంజిన్‌ను ఇక్కడే చేసే ఒప్పందాన్ని 2023 జూన్‌లో ప్రకటించారు. తర్వాతి తరం యుద్ధవిమానం ఏఎంసీఏకు ఫ్రాన్స్ సంస్థ సఫ్రాన్‌తో కలిసి ఇంజిన్ చేస్తామని రాజ్‌నాథ్ సింగ్ 2025 ఆగస్టులో చెప్పారు. ఇలాంటి ఒప్పందాల్లో ‘ఎంత శాతం టెక్నాలజీ బదిలీ’ అన్నది హెడ్‌లైన్ అవుతుంది. ఇవ్వని కొద్ది శాతంలో ఆ టర్బైన్ రెక్క ఉందా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

## చిన్న అయస్కాంతం, పెద్ద గొలుసు

2025 ఏప్రిల్‌లో చైనా ఏడు అరుదైన ఖనిజ మూలకాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. డిస్ప్రోసియం, టెర్బియం, సమేరియం వాటిలో ఉన్నాయి. వారాల్లోనే భారత వాహన కంపెనీలకు టెన్షన్ మొదలైంది. ఎలక్ట్రిక్ స్కూటర్ మోటారులో ఉండే అయస్కాంతం ధర మొత్తం బండి ధరలో ఏ మూలకూ రాదు. అది లేకపోతే మాత్రం బండి లైన్ మీద నుంచి కదలదు. క్షిపణుల్లో, డ్రోన్లలో, రాడార్లలో వాడేదీ ఇదే కుటుంబం.

ఖనిజం మన దగ్గర లేక కాదు ఈ సమస్య. తీరప్రాంత ఇసుకలో దొరికే మోనజైట్ నిల్వలు దేశంలో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. మోనజైట్‌లో థోరియం ఉంటుంది కాబట్టి అది అణు ఇంధన నియంత్రణ కిందికి వస్తుంది, ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ చేతుల మీదుగానే పని సాగింది. ఇసుక నుంచి మోనజైట్, దాన్నుంచి ఆక్సైడ్, ఆక్సైడ్ నుంచి లోహం, లోహం నుంచి మిశ్రమం, చివరికి అయస్కాంతం. మనం బలంగా ఉన్నది ఈ గొలుసు మొదటి మెట్లలో. చైనా తన పట్టు బిగించింది చివరి మెట్ల మీద. శుద్ధి, అయస్కాంతాల తయారీలో దాదాపు 90 శాతం వాళ్లదే.

విశాఖ దగ్గర ఐఆర్‌ఈఎల్ పెట్టిన అయస్కాంతాల ప్లాంటును ప్రధాని 2023 మేలో జాతికి అంకితం చేశారు. దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు. రక్షణ, అంతరిక్ష అవసరాలకు ఉద్దేశించిన ఈ ప్లాంటు స్కూటర్లకు చాలదు. 2025 నవంబరు 26న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 7,280 కోట్ల పథకం లక్ష్యం ఏడాదికి 6,000 టన్నులు. మూడు టన్నుల నుంచి ఆరు వేల టన్నులకు వెళ్లాలంటే అది విస్తరణ కాదు, కొత్త పరిశ్రమనే పుట్టించడం. విశాఖ ప్లాంటులో చేసేవి, ఈ పథకం కింద చేసేవి వేర్వేరు రకాల అయస్కాంతాలు, వాటి టెక్నాలజీ కూడా వేరు. ఈ పథకంలో 6,450 కోట్లు అమ్మకాల మీద ఇచ్చే ప్రోత్సాహకం, 750 కోట్లు మాత్రమే ప్లాంటు పెట్టడానికి సాయం. అంటే ముందు తయారుచేసి అమ్మితేనే డబ్బు. ఖజానాకు ఇది క్షేమం. చైనా రేపు ధర సగానికి తగ్గిస్తే తట్టుకోవాల్సింది మాత్రం కంపెనీయే.

ప్రభుత్వ విధానంలో అసలైన తాజా మార్పును ఇక్కడ చూడొచ్చు. 2020లో వచ్చిన ప్రోత్సాహక పథకాలు ఫోన్ వంటి పూర్తయిన వస్తువుల మీద దృష్టి పెట్టాయి. ఫోన్లు ఇక్కడ అసెంబుల్ కావడం పెరిగింది, ఎగుమతులూ పెరిగాయి, వాటితోపాటే భాగాల దిగుమతీ పెరిగింది. 2025లో వచ్చినవి ఒక మెట్టు కిందికి దిగాయి. ఎలక్ట్రానిక్ భాగాలకు 22,919 కోట్ల పథకం మార్చిలో, కీలక ఖనిజాల మిషన్ జనవరిలో, అయస్కాంతాల పథకం నవంబరులో వచ్చాయి. మొదటి దశలో ఏం మిగిలిపోయిందో ఈ పథకాల పేర్లే చెబుతున్నాయి. దీన్ని వైఫల్యానికి ఒప్పుకోలు అని ప్రతిపక్షం అనొచ్చు, సహజమైన తర్వాతి అడుగు అని ప్రభుత్వం అనొచ్చు. అసెంబ్లింగ్‌తో మొదలుపెట్టి భాగాలకు వెళ్లడం చైనా సహా చాలా దేశాలు నడిచిన దారే.

## చైనాతో రెండు నాల్కలు

సరిహద్దు దేశాల నుంచి పెట్టుబడి రావాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అని 2020 ఏప్రిల్‌లో నిబంధన తెచ్చారు. గల్వాన్ తర్వాత టిక్‌టాక్ సహా 59 యాప్‌లు నిషేధించారు. పెట్టుబడి ఆగింది. సరుకు ఆగలేదు. 2020-21లో చైనా నుంచి దిగుమతులు 65 బిలియన్ డాలర్లు, 2024-25లో 113 బిలియన్లు. వాణిజ్య లోటు 99 బిలియన్లకు చేరింది. 2024 జులైలో వచ్చిన ప్రభుత్వ ఆర్థిక సర్వేనే ఈ తిరకాసును బయటపెట్టింది: ఎలాగూ చైనా సరుకు కొంటున్నప్పుడు, ఆ కంపెనీలను ఇక్కడే పెట్టుబడి పెట్టనివ్వడం మేలు కాదా అని. భద్రతా సంస్థల జవాబు వేరు. టెలికాం, విద్యుత్ గ్రిడ్ వంటి చోట్ల యజమాని ఎవరన్నది వాళ్లకు ముఖ్యం. ఒకే ప్రభుత్వంలో రెండు వాదనలూ ఉండటం లోపమేమీ కాదు. వాటి మధ్య గీత ఏ రంగంలో ఎక్కడ గీస్తారో బయటకు చెప్పకపోవడమే కంపెనీలకు ఇబ్బంది.

## జామ్‌నగర్ చమురు, భీమవరం రొయ్య

ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రష్యా వాటా 2 శాతం లోపే. డిస్కౌంట్ దొరకడంతో 2023-24 నాటికి అది 35 శాతం దాకా వెళ్లింది. అవసరంలో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశానికి ఇది తెలివైన కొనుగోలే. ధరల పెరుగుదల అదుపులో ఉండటానికీ తోడ్పడింది. 2025 ఆగస్టు 27న అమెరికా దీన్నే కారణంగా చూపి, అప్పటికే వేసిన 25 శాతం సుంకంపై మరో 25 శాతం కలిపింది.

చమురు కొని శుద్ధి చేసింది జామ్‌నగర్ వంటి చోట్ల ఉన్న రిఫైనరీలు. దెబ్బ తగిలింది భీమవరం చెరువులకు. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశే ముందుంది. మన రొయ్యల ఎగుమతుల్లో అమెరికా వాటా 40 శాతానికి పైనే. తక్కువ కౌంట్, అంటే కిలోకు తక్కువ సంఖ్యలో తూగే పెద్ద సైజు రొయ్యకు ప్రధాన గిరాకీ అక్కడే. ఆ 50 శాతానికి తోడు, మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారంటూ అంతకుముందు నుంచే వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకాలు కూడా పడ్డాయి. మేత, కరెంటు, లీజు ఖర్చులు రైతు అప్పటికే పెట్టేసి ఉన్నాడు, చెరువులో పెరుగుతున్న రొయ్య అమెరికాతో వాణిజ్య చర్చలు ముగిసేదాకా ఆగదు. తొందరగా పట్టేస్తే చిన్న రొయ్య ధరే వస్తుంది. విదేశాంగ విధానంలో తీసుకున్న సమంజసమైన నిర్ణయం లాభం ఒకరికి, భారం మరొకరికి పంచిందని ఈ ఉదాహరణ చూపిస్తుంది. నష్టపోయినవాళ్లకు ఎలా సర్దుబాటు చేస్తారన్నది ఏ పార్టీ భద్రతా విధానంలోనూ స్పష్టంగా కనిపించదు. మార్కెట్లను విస్తరించడమే ప్రభుత్వం చెబుతున్న దీర్ఘకాలిక జవాబు. 2025 జులై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం అందులో భాగమే. అయితే అమెరికా కొనేంత రొయ్యను ఒక్క బ్రిటన్ కొనలేదు.

చమురు విషయంలో మరో లెక్క ఉంది. విశాఖపట్నం, కర్ణాటకలోని మంగళూరు, పాదూరు గుహల మొత్తం సామర్థ్యం 53.3 లక్షల టన్నులు. పూర్తిగా నింపితే దేశ అవసరానికి దాదాపు తొమ్మిదిన్నర రోజులు సరిపోతుంది. చమురు కంపెనీల సొంత ట్యాంకుల్లోని 64.5 రోజుల సామర్థ్యంతో కలిపి 74 రోజులని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ తన సభ్య దేశాలకు పెట్టిన ప్రమాణం నికర దిగుమతుల్లో 90 రోజులు. 2020 ఏప్రిల్, మే నెలల్లో ప్రపంచమంతా చమురు అడిగేవాడు లేనప్పుడు బ్యారెల్ సగటున 19 డాలర్లకు కొని ఈ గుహలు నింపారు. దాంతో 5,000 కోట్లు ఆదా అయిందని ప్రభుత్వం చెప్పింది. గుహలు ఇంకా ఉండి ఉంటే ఇంకా నిండేవి.

## ఇక ముందు ఎక్కడ చూడాలి

కొత్త ప్రకటన వచ్చినప్పుడు ముందుగా అది ఏ దశలో ఉందో చూడాలి. రక్షణ కొనుగోళ్ల మండలి ‘అవసరం ఉందని’ ఆమోదించడం తొలి అడుగు మాత్రమే. లక్షల కోట్ల హెడ్‌లైన్లు తరచూ ఇక్కడి నుంచే వస్తాయి. సంతకం చేసిన కాంట్రాక్టుకు విలువ ఎక్కువ, డెలివరీకి అంతకంటే ఎక్కువ. ఒకే విమానం ఈ మూడు దశల్లోనూ మూడుసార్లు వార్త అవుతుంది.

తేజస్ విషయంలో ఆర్డర్ల సంఖ్య కంటే జీఈ నుంచి నెలకు ఎన్ని ఇంజిన్లు వస్తున్నాయన్నదే అసలు సూచిక. అయస్కాంతాల పథకంలో ఎవరు బిడ్ వేశారన్నది, వాళ్లకు ఆక్సైడ్ ఎక్కడి నుంచి వస్తుందన్నది చూడాలి. ఒడిశాలోని చండీఖోల్‌లో, పాదూరులో మరో 65 లక్షల టన్నుల చమురు గుహలకు 2021 జులైలో ఆమోదం దొరికింది. వాటి పురోగతి ఎర్రకోట ప్రసంగాల్లో వినిపించదు, పెట్రోలియం శాఖ పార్లమెంటుకు ఇచ్చే జవాబుల్లో దొరుకుతుంది.

బడ్జెట్ రోజున ఒక్క పేజీ చూసే తీరిక మాత్రమే ఉంటే, వ్యయ పత్రాల్లో రక్షణ మూలధన వ్యయం పద్దు తీయాలి. 2025-26 పత్రాల్లో అది డిమాండ్ నంబర్ 21. కొత్త ఏడాది కేటాయింపు పక్కనే గడుస్తున్న ఏడాది కేటాయింపు, దాని సవరించిన అంచనా రెండు వేర్వేరు గడుల్లో ఉంటాయి. టీవీలో చెప్పేది కొత్త కేటాయింపు. సవరించిన అంచనా అంతకుముందు కేటాయింపు కంటే తగ్గితే, ఆ ఏడాది చెప్పినంత కొనలేకపోయారని అర్థం.